జపనీస్‌లో ఒకే అర్థంలా కనిపించే మాటల తేడాను ఎలా గుర్తించాలి?

‘సముఇ’, ‘త్సుమెతై’ అనే రెండు జపనీస్ మాటలకూ చిన్న నిఘంటువులు ‘చల్లని’ అనే అర్థమే ఇస్తాయి. అయినా జపనీయులు ఒకదాని చోట మరొకటి వాడరు. ఇలాంటి తేడా తెలియాలంటే మాట అర్థాన్ని విడిగా బట్టీ పట్టకుండా, దాని పక్కన ఏ మాటలు వస్తున్నాయో చూడాలి.

ముందుగా ఒక్కో మాటకు నాలుగైదు వాక్యాలు సేకరించండి. అవి మీరు అల్లినవి కాకుండా జపనీయులు రాసినవై ఉండాలి. జపాన్ జాతీయ భాషా పరిశోధన సంస్థ రూపొందించిన సమకాలీన లిఖిత జపనీస్ కార్పస్‌లో (నిజంగా రాసిన పాఠాల సంకలనంలో) సుమారు 10 కోట్ల పదాలున్నాయి, దానిలో ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు.

తరువాత, ఆ వాక్యాల్లో వచ్చిన నామవాచకాలను రెండు వరుసల్లో రాయండి. ‘సముఇ’ పక్కన రోజు, గది, చలికాలం కనిపిస్తాయి. ‘త్సుమెతై’ పక్కన నీళ్లు, చేతులు వస్తాయి. మొదటిది ఒళ్లంతటికీ తెలిసే చలి, రెండవది తాకితే తెలిసే చల్లదనం. ‘ఈ రోజు చలిగా ఉంది’, ‘నీళ్లు చల్లగా ఉన్నాయి’ అని మనమూ వేరుచేసి చెబుతాం కనుక తెలుగువారికి ఈ జంట సులువే. అయితే సాయంత్రం హాయిగా, చల్లగా ఉందని చెప్పాలంటే ఈ రెండూ పనికిరావు, దానికి ‘సుజుషీ’ అనే మాట ఉంది.

మూడవ మెట్టు మరింత శ్రద్ధ కోరుతుంది: విభక్తినీ క్రియారూపాన్నీ చూడాలి. ‘షిరు’ అంటే ఒక సమాచారమో మనిషో తెలియడం, దాని కర్మకు ‘ఒ’ చేరుతుంది. ‘వకరు’ అంటే బోధపడడం, దానితో ‘గ’ వస్తుంది. తెలుసునని చెప్పేటప్పుడు ‘షిత్తె ఇమసు’ అంటారు గాని, తెలియదనడానికి ‘షిరిమసెన్’ అనే మామూలు రూపమే వాడుక. మన ‘తెలియదు’ రెండింటికీ సరిపోతుంది కనుక తెలుగువారు ఇక్కడే జాగ్రత్తపడాలి. ‘రేపు వస్తారా?’ అని అడిగినప్పుడు ‘షిరిమసెన్’ అంటే ‘నాకేం పట్టింది’ అన్నట్టు వినిపించవచ్చు. తన సంగతి తానింకా తేల్చుకోలేదని చెప్పడానికి ‘వకరిమసెన్’ అనాలి.

మాట పుట్టుకను కూడా గమనించండి. కట్టుబాటుకు దేశ్యపదం ‘కిమరి’, చైనా మూలం నుంచి వచ్చినది ‘కిసొకు’, ఇంగ్లీషు నుంచి వచ్చినది ‘రూరు’. చైనా మూలపు మాటలు సాధారణంగా రాతలోనూ అధికారిక సందర్భాల్లోనూ ఎక్కువ.

చివరగా, ఒక వాక్యంలో రెండు మాటలనూ మార్చి చూసి, జపనీస్ మాతృభాషగా గలవారిని అడగండి. ‘లెక్క గురించి ఆలోచించాను’ అనే చోట ‘కంగఎరు’ (బుద్ధి పెట్టి ఆలోచించడం) నిలుస్తుంది, ‘ఒమొఉ’ (అనిపించడం, అనుకోవడం) నిలవదు. జపనీస్ ప్రావీణ్య పరీక్షలో ఎన్4 నుంచి అత్యున్నతమైన ఎన్1 వరకు స్థాయిల్లో, ఒక మాటను నాలుగు వాక్యాల్లో ఉంచి సరైన ప్రయోగాన్ని ఎంచుకోమనే ప్రశ్నలుంటాయి. వాటిని సాధన చేసేటప్పుడు తప్పు వాక్యాలను వదిలేయకుండా, అక్కడ నిజంగా ఏ మాట రావాలో రాసి పెట్టుకోండి.