ఎదురెదురుగా కూర్చుని మాట్లాడితే ఎంత ఊపిరి చేరుతుంది: కొలిచే పద్ధతి

క్షయ, తట్టు, కోవిడ్ గాలి ద్వారా సోకుతాయి. రోగిని కూర్చోబెట్టి ఇంట్లో పరీక్షలు చేయకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఊపిరి ఎటు పోతోందో చూస్తే చాలు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420), మనం వదిలే ఊపిరిలో 40,000 దాకా. ఈ తేడానే మన ఆధారం.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని పొడుగ్గా ఉంటాయి. వీధి గుమ్మం, పెరటి గుమ్మం తప్ప గాలికి దారి ఉండదు. అందుకే నడిమి గదిలో కొలవండి.

కార్బన్ డయాక్సైడ్‌ని పరారుణ కాంతితో కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉన్న మీటర్లు రెండు కావాలి. ఈ సెన్సర్ లేని కొన్ని చవక రకాలు సెంటు వాసనకే అంకె పెంచేస్తాయి. రెంటినీ ఆరుబయట 20 నిమిషాలు పక్కపక్కన ఉంచి అంకె 420 చూపేలా సరిచేయండి (క్యాలిబ్రేట్). ఆటో క్యాలిబ్రేషన్ ఆపేయాలి. లేకపోతే మూసిన గది గాలినే బయటి గాలి అనుకుంటుంది. పొయ్యి, దీపం, అగరబత్తి ఆర్పేయండి.

ముందుగా గదిలో గాలి ఎంత మారుతోందో చూద్దాం. నలుగురు కూర్చుని అంకె 1400కి చేరాక అందరూ బయటికి వెళ్ళాలి. 420 పైన ఉన్న 980లో 37 శాతమే మిగిలే సమయం, అంటే 783కి దిగే సమయం చూడండి. 20 నిమిషాలు పడితే గాలి గంటకు మూడుసార్లు మారుతున్నట్టు.

ఇక మాటల దూరం. ఎక్కువగా తప్పు ఇక్కడే జరుగుతుంది: వినే మనిషిని కూర్చోబెడితే ఆ మనిషి ఊపిరే మీటర్లోకి పోతుంది. బదులుగా స్టూలు మీద గోరువెచ్చని నీళ్ళ బిందె పెట్టి, ఆవిరి రాకుండా మూత బిగించండి. ఒంటి వేడికి గాలి పైకి లేచినట్టే దీని చుట్టూ లేస్తుంది. చన్నీళ్ళు పోస్తే లేవదు. ఒక మీటర్ని మాట్లాడేవాళ్ళ నోటి ఎత్తులో బిందె ముందు, రెండోదాన్ని రెండు మీటర్ల అవతల మూలన అదే ఎత్తులో పెట్టండి.

ఫ్యాన్ ఆపి, 50 సెంటీమీటర్ల దూరం నుంచి పది నిమిషాలు మామూలు గొంతుతో మాట్లాడించండి. సెన్సర్ నిదానం కాబట్టి మొదటి మూడు నిమిషాలు వదిలేయండి. తర్వాత ఒక మీటరు, ఒకటిన్నర మీటరు దూరాల నుంచి. మధ్యలో రెండు గుమ్మాలూ తీసి అంకె దిగనివ్వాలి. ఒక్కో దూరం మూడుసార్లు. దగ్గరి అంకెలోంచి మూల అంకె తీసేస్తే మాటతో వచ్చే ఊపిరి ధార ఎంత మోసుకొచ్చిందో తెలుస్తుంది. గుమ్మాలు తీసి ఉంచి మాట్లాడితే మూల అంకె బాగా దిగుతుంది, 50 సెంటీమీటర్ల దగ్గరిది అంతగా దిగదు. గాలి ఆడుతోందని ముఖంలో ముఖం పెట్టి మాట్లాడకూడదన్నది ఇందుకే.

మాస్కునీ గట్టి గొంతునీ ఈ పద్ధతితో తేల్చకండి. మాస్కు తుంపరల్ని ఆపుతుంది, ఈ వాయువును ఆపదు. గట్టిగా అరిస్తే తుంపరలు చాలా పెరుగుతాయి, మీటర్ అంకె ఆ లెక్కన పెరగదు.

చివరగా ఫ్యాన్ వేసి మళ్ళీ కొలవండి. ధార చెదిరి దగ్గరి అంకె తగ్గుతుంది, ఆ ఊపిరి గదంతా కలుస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు.