నాలుగు గంటల గ్యాప్‌లో పాత రాజధాని కర్నూలు చూడటం ఎలా?

కర్నూలును చాలామంది బస్సు కిటికీలోంచే చూసి ఉంటారు. మంత్రాలయం దర్శనం చేసుకుని శ్రీశైలం వెళ్లేవాళ్లు, అనంతపురం నుంచి విజయవాడ వైపు పోయేవాళ్లు ఇక్కడ బండి మారతారు. ఆ మధ్యలో దొరికే మూడు నాలుగు గంటలు బస్టాండ్ బెంచీ మీద ఫోన్ చూస్తూ గడిచిపోతాయి. ఇది 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ల పాటు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అంతకు ముందు విజయనగర రాజుల కోట, ఆ తర్వాత నవాబుల కోట ఉన్న ఊరు. చూడాల్సినవన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి కాబట్టి ఆ ఖాళీ గంటల్లో ఊరు చుట్టి రావచ్చు. కాకపోతే కొంచెం లెక్కగా కదలాలి.

1. ముందు మీ దగ్గర నిజంగా ఎంత టైం ఉందో తేల్చుకోండి

బస్సు దిగింది పదింటికి, ఎక్కాల్సింది రెండింటికి అయితే నాలుగు గంటలు ఉన్నాయనుకుంటాం. అందులోంచి వెనక్కి వచ్చి బండి ఎక్కడానికి ముప్పావు గంట, సామాను పెట్టుకోవడానికీ ఆటో మాట్లాడుకోవడానికీ ఇంకో అరగంట తీసేయండి. మిగిలిన రెండు గంటల ముప్పావే మీవి. మూడు చోట్లు చూడటానికి ఆ మాత్రం చాలు. మొత్తం గ్యాప్ రెండు గంటల లోపే ఉంటే కొండారెడ్డి బురుజు ఒక్కటీ చూసి, టిఫిన్ చేసి వచ్చేయండి.

టైం మిగులుతుందని బెలుం గుహలనో, యాగంటినో పెట్టుకోకండి. రెండూ వంద కిలోమీటర్ల మాట. వాటికి విడిగా ఒక రోజు కావాలి.

ఎండ సంగతి కూడా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ రాష్ట్రమంతటా వార్తల్లో ఉంటుంది. ఆ రోజుల్లో పదకొండు నుంచి నాలుగు మధ్య గ్యాప్ వస్తే బురుజు మెట్లు ఎక్కాలనుకోవద్దు. ఎక్కినా రాయి మీద కాలు నిలవదు.

2. సామాను వదిలించుకోండి, ఆటో మొత్తానికి మాట్లాడుకోండి

పెద్ద సూట్‌కేసుతో పాతబస్తీ సందుల్లో తిరగడం నరకం. స్టేషన్‌లోనో బస్టాండ్‌లోనో క్లోక్ రూమ్ ఆ వేళకి తెరిచి ఉందో లేదో దిగగానే అడగండి. లేకపోతే, ఒకే ఆటోను పూర్తిగా మాట్లాడుకుంటే సామాను అందులోనే ఉంటుంది. నలుగురు ఉన్న కుటుంబానికి ఇదే మేలు.

బేరం ఇలా ఆడండి: "అన్నా, కొండారెడ్డి బురుజు, గోల్ గుమ్మజ్, సంకల్‌బాగ్ చూపించి, సీ క్యాంపు మీదుగా మళ్లీ ఇక్కడే దించాల. ప్రతి చోటా అరగంట ఆగాల. అంతా కలిపి ఎంత తీసుకుంటావ్?" ఆగే టైం ముందే చెప్పకపోతే వెయిటింగ్ దగ్గర గొడవ వస్తుంది. ఒకరిద్దరిని అడిగితే రేటు ఎంతో తెలిసిపోతుంది. ఇంకో మాట. ఊళ్లో పాత బస్టాండ్ అనే పేటా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు "కొత్త బస్టాండ్" అనో "ఆర్టీసీ బస్టాండ్" అనో స్పష్టంగా చెప్పండి. రైలు అయితే "కర్నూలు సిటీ స్టేషన్" అనండి.

3. మొదట కొండారెడ్డి బురుజు

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. సినిమాల్లో చూసి, ఇది ఒక్కటే కట్టిన కట్టడమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది ఒక పెద్ద కోటలో మిగిలిన ముక్క. పదహారో శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోట గోడలు ఒకప్పుడు తుంగభద్ర ఒడ్డున ఊరి చుట్టూ ఉండేవి. బ్రిటిష్ వాళ్ల కాలంలో కోటను కూల్చేశారు. అక్కడక్కడ బురుజులు మిగిలాయి, వాటిలో గట్టిగా నిలబడింది ఇదే. ఎర్రబురుజు అని మరొకటీ ఉంది. దాని పేరు మీద ఆ పేటే ఏర్పడింది.

లోపలికి వెళ్లే ముందు రోడ్డు అవతల నిలబడి ఒకసారి కింది నుంచి పై దాకా చూడండి. కింద పెద్ద పెద్ద రాళ్లు, పైకి పోయేకొద్దీ కట్టుబడి తీరు మారుతుంది. పైన కనిపించే కమానులు, పిట్టగోడల పని కింది రాతిపనికి చుట్టం కాదు. ఒక రాజు కట్టినదానికి తర్వాత వచ్చినవాళ్లు తమ చేయి కలిపారని చూడగానే అర్థమవుతుంది.

మెట్లు ఎత్తుగా, ఇరుకుగా ఉంటాయి. చెప్పులు జారేవైతే జాగ్రత్త. పెద్దవాళ్లను కింద నీడలో కూర్చోబెట్టి వెళ్లడం మంచిది. పైకి చేరితే ఊరు నాలుగు వైపులా కనిపిస్తుంది. కింద ట్రాఫిక్ హారన్లు, మసీదు మినార్లు, గుడి గోపురాలు, ఉత్తరాన తుంగభద్ర. ఉత్తరాన తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ ఉండగా కోట కట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని పైనుంచి చూస్తే తెలుస్తుంది.

కొండారెడ్డి ఎవరు అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇక్కడ బంధించారని, ఆయన ఇందులోనే కన్నుమూశాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఇక్కడి నుంచి తుంగభద్ర కింద గద్వాల దాకా సొరంగం ఉందనే కథ కూడా వినిపిస్తుంది. కథగానే వినండి, సొరంగం చూపించమని ఎవరినీ వేధించకండి.

రాతకెక్కిన చరిత్ర మాత్రం కథకేమీ తీసిపోదు. విజయనగరం తర్వాత బీజాపూరు సుల్తానులు, ఆ తర్వాత మొగలులు, వాళ్ల తరఫున పఠాను నవాబులు ఈ ఊరిని ఏలారు. 1751లో బుస్సీ సేనాధిపతిగా వచ్చిన ఫ్రెంచి సైన్యం, నిజాం సలాబత్ జంగ్ బలగంతో కలిసి ఈ కోటను పట్టుకుంది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ గుట్టుగా ఆయుధాలు పోగు చేస్తున్నాడని బ్రిటిష్ వాళ్లకు అనుమానం వచ్చింది. 1839లో సైన్యాన్ని పంపి కోటను స్వాధీనం చేసుకున్నారు. ఊరి పక్కన జోహరాపురం దగ్గర జరిగిన పోరులో నవాబు పట్టుబడ్డాడు. ఆయన్ని తిరుచిరాపల్లి పంపారు, అక్కడే హత్యకు గురయ్యాడు. జోహరాపురం ఇప్పుడు కర్నూలులో కలిసిపోయిన పేట, మీ ఆటో అన్నకు బాగా తెలిసిన చోటు.

4. గోల్ గుమ్మజ్‌కు పావుగంట

హంద్రీ ఒడ్డున బీజాపూరు తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఉంది. పదిహేడో శతాబ్దపు కట్టడం. పుస్తకాల్లో అబ్దుల్ వహాబ్ సమాధి అని రాస్తారు గానీ, ఆటోవాళ్లకు గోల్ గుమ్మజ్ అంటేనే తెలుస్తుంది. బీజాపూరు గోల్ గుంబజ్‌తో పోల్చుకుని వెళ్తే నిరాశ తప్పదు, దీని ముచ్చట వేరు. గుమ్మటాలూ కమానులూ చూసి ఫొటోలు తీసుకోండి. సమాధి కాబట్టి లోపల చెప్పులు విడిచి, గొంతు తగ్గించి మెలగండి.

5. నది ఒడ్డుకు వెళ్లకుండా రావద్దు

గుమ్మజ్ నుంచి సంకల్‌బాగ్ వైపు తిప్పమనండి. 2020 నవంబరులో తుంగభద్ర పుష్కరాలప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచి జనం ఇక్కడి ఘాట్‌కు వచ్చారు. నదిలో నీళ్లు ఉంటే అందంగా ఉంటుంది, వేసవిలో అయితే రాళ్లూ ఇసకే.

ఆ రాళ్లను చూసి 2009 అక్టోబరు 2ను ఊహించుకోవడం కష్టం. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీద పడ్డాయి. పైన సుంకేసుల బ్యారేజీ మీదుగా నీళ్లు దూకాయి, పాతబస్తీ మునిగిపోయింది. జనం మేడల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఒడ్డున ఉండే చిన్న దుకాణంలో టీ తాగుతూ "అన్నా, వరదప్పుడు నీళ్లు ఎంతదాకా వచ్చినాయి?" అని అడగండి. ఎదురింటి గోడ మీద చెయ్యెత్తి చూపిస్తారు. ఏ గైడూ చెప్పలేని సంగతులు పది నిమిషాల్లో తెలుస్తాయి.

దారిలో కేసీ కాలువ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. పూర్తి పేరు కర్నూలు కడప కాలువ. 1860లలో ఒక ఇంగ్లిషు కంపెనీ సాగునీటికీ, పడవల రాకపోకలకూ కలిపి సుంకేసుల నుంచి కడప దాకా తవ్వించింది. సుమారు 300 కిలోమీటర్లు. కంపెనీకి నష్టం వచ్చి, 1882లో ప్రభుత్వమే కొనేసింది. ఇప్పుడు వినాయక చవితికి ఊళ్లోని విగ్రహాలన్నీ నిమజ్జనానికి వచ్చేది ఈ కాలువ దగ్గరి వినాయక్ ఘాట్‌కే. ఆ రోజుల్లో మీ గ్యాప్ పడితే ఆటో కదలదు, చూడటానికి మాత్రం కన్నుల పండగ.

6. రాజధాని ఎక్కడ?

ఈ ప్రశ్నకు జవాబు చూపించడం కష్టం, ఎందుకంటే చూపించడానికి పెద్ద భవనమంటూ లేదు. 1937 నవంబరులో మద్రాసులో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నారు. రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు, ఒకటి కోస్తాకు ఉండాలని, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమదని రాసుకున్నారు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత కొత్త రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. నెహ్రూ వచ్చి ఇక్కడే రాష్ట్రాన్ని ప్రారంభించారు, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. ఆఫీసులకు గదులు చాలక గుడారాలు వేశారు. ఏడాది తిరిగేసరికి 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్ చేరుకుంది.

మిగిలినవి ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు. రాజధాని ఉద్యోగుల కోసం కట్టిన క్వార్టర్ల పేటలివి. అందుకే ఆటో అన్నకు సీ క్యాంపు మీదుగా రమ్మని చెప్పింది. దిగనక్కర్లేదు, వరసగా ఉన్న పాత క్వార్టర్లు, వెడల్పాటి వీధులు, వేప చెట్లు, రైతుబజారు దాటుకుంటూ వచ్చేస్తే చాలు. పాతబస్తీ ఇరుకులోంచి వచ్చినవాళ్లకు తేడా కంటికి తగులుతుంది. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అంటూ చట్టం వచ్చింది, 2021లో వెనక్కి పోయింది. ఆటోలో ఈ మాట ఎత్తితే బస్టాండ్ వచ్చేదాకా చర్చ ఆగదు, కాబట్టి టైం చూసుకుని ఎత్తండి.

7. తిండి

పొద్దున పూట అయితే ఉగ్గాని బజ్జి తినాల్సిందే. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన వేడి మిరపకాయ బజ్జి. ఉగ్గాని ఆరిపోతే బాగుండదు, అప్పుడే కలిపిన గిన్నెలోంచి పెట్టమని అడగండి. రద్దీగా ఉండే తోపుడు బండి ఏదైనా ఫర్వాలేదు. ఎర్రకారం దోశ కూడా బాగుంటుంది, అయితే ముందు ప్రయాణం ఉందని గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు దొరికే మెస్సులున్నాయి, కానీ గంట సేపు పడుతుంది. టైం తక్కువైతే పొంగనాలు పార్సిల్ కట్టించుకుని బస్సులో తినండి. ఇంటికి స్వీట్లు కావాలంటే, హైదరాబాద్ వీధుల్లో కనిపించే పుల్లారెడ్డి నేతి మిఠాయిలు పుట్టింది కర్నూలులోనే.

8. ఆరు గంటలకు మించి ఉంటే

రెండు దారులున్నాయి. ఒకటి జగన్నాథగట్టు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయే చోటి నుంచి రూపాల సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఈ గట్టు మీద మళ్లీ నిలబెట్టారు. సాయంత్రం పూట వెళ్లడానికి బాగుంటుంది, ఊరికి దగ్గర.

రెండోది అలంపూర్. తుంగభద్ర దాటితే తెలంగాణ, అక్కడి జోగులాంబ అమ్మవారి గుడి, బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు కర్నూలుకు సుమారు పాతిక కిలోమీటర్లే. ఏడో, ఎనిమిదో శతాబ్దాల నాటి రాతిపని. బురుజు వదిలేసైనా దీనికి వెళ్లమంటాను. అయితే రాను పోను కారు మాట్లాడుకోండి, మధ్యాహ్నం అమ్మవారి గుడి ఎప్పుడు మూస్తారో ముందే కనుక్కోండి. మీరు ఎక్కాల్సింది హైదరాబాద్ వైపు వెళ్లే బస్సు అయితే మళ్లీ కర్నూలు దాకా రావాల్సిన పని లేదు. అలంపూర్ చౌరస్తా హైవే మీదే ఉంది. రిజర్వేషన్ చేసుకున్న బస్సు అక్కడ ఎక్కించుకుంటుందో లేదో మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి అడగండి.