అమెరికాలో చదువుకునేటప్పుడు చిక్కు వస్తే ఎవరిని అడగాలి?

బెంజి సర్కిల్‌లోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఉన్న కన్సల్టెన్సీ పని వీసా స్టాంపింగ్‌తో దాదాపు అయిపోతుంది. ఆ తర్వాతి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది మీ యూనివర్సిటీలోని డీఎస్‌ఓ, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి. ఐ-20 (స్టూడెంట్ వీసాకి ఆధారమైన యూనివర్సిటీ పత్రం) ఇచ్చేదీ, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ) మీ రికార్డు చూసేదీ వాళ్లే. రూమ్మేట్ మాట, వాట్సాప్ గ్రూపు మాట విని నిర్ణయం తీసుకోకండి. వాళ్ల వీసా పరిస్థితి వేరు, మీది వేరు.

ఏ మార్పు చేయాలన్నా, చేయకముందే డీఎస్‌ఓను అడగాలి. మన పిల్లలు ఎక్కువగా పొరపడేది సబ్జెక్టు డ్రాప్ చేయడంలో. మాస్టర్స్‌లో చాలాచోట్ల సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు ఉంటేనే ఫుల్ టైమ్. ఒంట్లో బాగోక ఒక సబ్జెక్టు వదిలేసి, వారం తర్వాత డీఎస్‌ఓకి చెబితే అప్పటికే స్టేటస్ (విద్యార్థిగా అక్కడ చట్టబద్ధంగా ఉండే అర్హత) పోయి ఉండొచ్చు. ముందు డాక్టరు లెటర్ తీసుకుని, రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ (తక్కువ సబ్జెక్టులతో చదివే అనుమతి) అడిగి, సెవిస్‌లో అనుమతి పడ్డాకే డ్రాప్ చేయాలి. అనారోగ్యం కారణంగా ఒక డిగ్రీలో ఇలా మొత్తం 12 నెలల వరకు ఇస్తారు. చదువు ఆపి వచ్చేయాలన్నా అంతే: అనుమతితో ఆపితే దేశం విడిచి రావడానికి 15 రోజులుంటాయి, చెప్పకుండా ఆపితే ఒక్క రోజు కూడా ఉండదు. ఇల్లు మారితే 10 రోజుల్లో కొత్త అడ్రసు ఇవ్వాలి.

డబ్బుకు ఇబ్బందైతే పెట్రోల్ బంకులో క్యాష్‌కి పనిచేయడం దారి కాదు. అనుమతి లేని పని బయటపడితే డీఎస్‌ఓ కూడా సరిదిద్దలేరు. క్యాంపస్‌లో సెమిస్టర్ జరిగేటప్పుడు వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక ఇంట్లో ఊహించని ఆర్థిక కష్టం వస్తే, బయట పనికి అనుమతి కోరుతూ డీఎస్‌ఓ సిఫార్సుతో ఐ-765 ఫారం వేయొచ్చు. చాలా యూనివర్సిటీల్లో ఫుడ్ పాంట్రీ ఉంటుంది, స్టూడెంట్ కార్డు చూపిస్తే సరుకులు ఇస్తారు. అది అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇప్పటికే తప్పు జరిగిపోయి ఉంటే మాత్రం ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి. డీఎస్‌ఓ ఎంత మంచివారైనా, కొన్ని విషయాలు సెవిస్‌లో నమోదు చేయక తప్పదు.

జ్వరం, బెణుకు లాంటి వాటికి ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్, అది మూసేస్తే అర్జెంట్ కేర్. ఎమర్జెన్సీ రూమ్ బిల్లు చాలా ఎక్కువ కాబట్టి, ప్రాణం మీదికి వచ్చినప్పుడే అక్కడికి. అప్పుడు మాత్రం ఖర్చు చూడకుండా 911కి చేయండి. మామూలు డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్‌కి ముందు “మా ఇన్సూరెన్స్‌కి ఇన్-నెట్‌వర్కేనా?”, అంటే ఆ కంపెనీతో ఒప్పందం ఉందా అని అడగాలి. స్టూడెంట్ ప్లాన్‌లో పళ్ల వైద్యం చాలావరకు ఉండదు, ఆ పని ఇక్కడే చేయించుకుని వెళ్లండి.

మనసు బాగోకపోతే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లొచ్చు. అక్కడ చెప్పింది, ప్రాణాపాయం ఉంటే తప్ప, మామూలుగా అమ్మానాన్నలకు గానీ డీఎస్‌ఓకి గానీ చేరదు. అర్ధరాత్రి బతకాలనిపించకపోతే, ఫోన్ తీసి 988కి కాల్ గానీ మెసేజ్ గానీ చేయండి. 24 గంటలూ పలుకుతారు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల మార్కులు, హాజరు గురించి మీరు ఫోన్ చేస్తే యూనివర్సిటీ మామూలుగా చెప్పదు, విద్యార్థుల వివరాలను గోప్యంగా ఉంచే ఫెర్పా చట్టం ఒప్పుకోదు. పిల్లలు చేరిన వారంలోనే స్టూడెంట్ పోర్టల్‌లో మీకు సమాచారం ఇవ్వడానికి సమ్మతి పెట్టించండి. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా మీతోపాటు అక్కడుండే ఒకరి పేరూ రాయించండి. అక్కడికి ఫోన్ చేయాలంటే టైమ్ చూసుకోండి: వేసవిలో న్యూయార్క్ ఆఫీసులు తెరిచే ఉదయం 9 గంటలంటే ఇక్కడ సాయంత్రం 6:30, చలికాలంలో 7:30.

పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత అమెరికాలో మీరుండే రాష్ట్రాన్ని చూసే భారత కాన్సులేట్. వెళ్లేముందే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో విద్యార్థిగా నమోదు చేసుకోండి. ప్రమాదం, మరణం లాంటి పెద్ద ఆపదలో అక్కడి తెలుగు సంఘం తానా సహాయ విభాగం టీమ్ స్క్వేర్, ప్రవాసాంధ్రుల కోసం మన రాష్ట్రం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీఎస్ హెల్ప్‌లైన్ ఆదుకుంటాయి.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్‌నంటూ గిఫ్ట్ కార్డులు అడిగితే అది మోసం. ఫోన్ పెట్టేసి డీఎస్‌ఓకి చెప్పండి.

వీళ్లందరి ఫోన్ నంబర్లూ కాగితం మీద రాసి ఒకటి పాస్‌పోర్ట్ కవర్‌లో, ఒకటి ఇంట్లో బీరువాలో పెట్టండి. ఫోన్ పోయిన రోజున పనికొచ్చేది ఆ కాగితమే.