అలోలన్ నైన్‌టేల్స్: వెయిల్ నొక్కే ముందు వాతావరణం చూడండి

పోకెమాన్ గేమ్‌లో రెండేసి పోకెమాన్‌లు తలపడే డబుల్స్‌లో అలోలన్ నైన్‌టేల్స్‌ని దింపగానే చాలామంది అరోరా వెయిల్ (మన వైపు తగిలే దెబ్బలను తగ్గించే మూవ్) నొక్కేస్తారు. మంచు పడుతుంటేనే ఆ మూవ్ పనిచేస్తుంది; ఆ మంచును నైన్‌టేల్స్ దిగగానే దాని స్నో వార్నింగ్ ఎబిలిటీ (పోకెమాన్‌కు సహజంగా ఉండే శక్తి) కురిపిస్తుంది. అవతల టైరానిటార్ కూడా మొదట్లోనే దిగిందనుకోండి, వేగం తక్కువ కాబట్టి ఇసుక తుఫాను రేపే దాని ఎబిలిటీ తర్వాత మొదలై ఇసుక తుఫానే నిలుస్తుంది. మీ టర్న్ వృథా! అలాంటి టీమ్ ఎదురైతే నైన్‌టేల్స్‌ని వెనక ఉంచి, తర్వాత మార్చి దింపండి. వెయిల్ ఒకసారి పడిందంటే, మంచు ఆగినా అది పోదు.

డబుల్స్‌లో వెయిల్ దెబ్బను మూడో వంతు తగ్గిస్తుంది. మామూలుగా 5 టర్న్‌లు, లైట్ క్లే అనే వస్తువు ఇస్తే 8. అయినా స్టీల్ దెబ్బ నాలుగింతలు తగిలే దీనికి నేనైతే ఫోకస్ సాష్ (నిండు ప్రాణంతో ఉంటే ఒక్క దెబ్బకే పడిపోకుండా కాపాడే వస్తువు) ఇస్తాను.

మంచులో బ్లిజార్డ్ గురి తప్పదు, ఎదుటి ఇద్దరికీ తగులుతుంది. పక్కన ఫైర్ టైప్ ఇన్సినరోర్ ఉంటే ఫేక్ అవుట్ మూవ్‌తో ఒకరిని ఆపుతుంది, స్టీల్ టైప్‌ల సంగతీ చూసుకుంటుంది. అన్నట్టు, ఎబిలిటీ స్నో వార్నింగేనా అని ముందే చూసుకోండి. స్నో క్లోక్ ఉన్నది దిగితే మంచు దానంతటది పడదు.