పాత్ర జనానికి పట్టడం లేదా? సమస్య - పరిష్కారం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పండగలకు నాటికలు వేసే కుర్రాళ్ళు రాతప్రతులు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. కాశీనగరం, గుణుపురం నుంచి కూడా వస్తారు. అందరిదీ దాదాపు ఒకటే బాధ: "కథ బాగుందన్నారు మాస్టారూ, కానీ హీరో ఎవరికీ గుర్తులేడు." సీన్లు, డైలాగులు రాయడం మీకు వచ్చనే అనుకుని నేరుగా లోపంలోకి వెళ్తున్నాను.

లక్షణం: పది నిమిషాలకే జనం కబుర్లలో పడతారు

పాత్రకు ఏం కావాలో వాళ్ళకు తెలియలేదన్నమాట. ప్రతి సీను పక్కన పెన్సిల్‌తో రెండు ముక్కలు రాయండి: వీడికి ఇప్పుడు ఏం కావాలి, ఎవరు అడ్డు. "గౌరవం కావాలి" అని రాస్తే లెక్కలోకి రాదు. "రాత్రిలోగా రెండు వేలు కావాలి" అన్నట్టు ఉండాలి. గురజాడ 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం మోసగాడే. అయినా తెర లేవగానే వాడి ఇరకాటం మనకు తెలిసిపోతుంది: సామాన్లు కొనమని పూటకూళ్ళమ్మ ఇచ్చిన 20 రూపాయలు ఖర్చయిపోయాయి, ఇక విజయనగరం నుంచి జారుకోవాలి. నాట్యశాస్త్రం చెప్పే ఐదు అవస్థల్లోనూ, అంటే కథ నడిచే దశల్లోనూ, మొదటిది ఆరంభం, అంటే ఫలం మీద ఆత్రం. రెండోది ప్రయత్నం.

ఇంత తేలికైన పరీక్షను వదిలేసి నెలల తరబడి డైలాగులు దిద్దుకునేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ముందు ఇది చేయండి.

లక్షణం: జాలిపడతారు, కానీ మధ్యలో లేచి టీకి వెళ్తారు

దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పై పరీక్షలో పాత్ర పాసవుతుంది. కోరిక ఉంటుంది, అడ్డు ఉంటుంది, కన్నీళ్ళూ ఉంటాయి. అందుకే రాసినవాళ్ళు ఇంకో కష్టం, ఇంకో ఫ్లాష్‌బ్యాక్ చేరుస్తూ పోతారు. కథ ఇంకా నీరసిస్తుంది. అసలు కారణం వేరు. తేల్చుకోవాల్సిన చోట పాత్ర తేల్చుకోదు. ఉత్తరం వస్తుంది, మావయ్య దిగుతాడు, ఎవరో చనిపోతారు. పాత్ర మీద మనకున్న ప్రేమే ఇలా చేయిస్తుంది. వాడు తప్పు చేస్తుంటే చూడలేక మనమే అడ్డం పడతాం.

నేను దీనివల్ల గట్టిగా దెబ్బతిన్నాను. నా నాటికలో కొడుక్కి వైజాగ్‌లో ఉద్యోగం. ఇక్కడ మహేంద్రతనయ ఒడ్డున తల్లి పేరున పాత ఇల్లు. అమ్మితే ఫ్లాటు వస్తుంది. కానీ తల్లి ఆ ఇల్లు వదలనంటుంది. మూడో రంగంలో ఆమే మనసు మార్చుకుని "అమ్మెయ్యి నాయనా" అనేలా రాశాను. రాస్తూ కళ్ళు తుడుచుకున్నాను కూడా. ప్రదర్శనలో సరిగ్గా అక్కడే కుర్చీలు కదిలాయి. అయ్యాక ఒక పెద్దాయన నన్ను ఆపి, "ఆ కుర్రోడు ఏటి చేసినాడు బాబూ? అన్నీ వాడికి జరిగిపోనాయి గానీ" అన్నాడు. వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఆ ఒక్క రంగమే మార్చాను. అమ్మకం అగ్రిమెంటు ఒడియాలో ఉంది. తల్లికి తెలుగు తప్ప మరో అక్షరం రాదు. "ఏం రాశార్రా ఇందులో?" అని కొడుకునే అడుగుతుంది. వాడు కాసేపు కాగితం వంకే చూసి, "ఇంటి పన్ను కాగితమమ్మా" అంటాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, గుండ్రటి తెలుగు అక్షరాల్లో నెమ్మదిగా సంతకం పెడుతుంది. మళ్ళీ ఆడినప్పుడు ఒక్కరూ లేవలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఒడియా కాగితాలు చదివిపెట్టినవాళ్ళు మా ఊళ్ళో ఎంతోమంది. ఆ అబద్ధం ఎంత సులువో వాళ్ళకు తెలుసు. కొందరు ఆడవాళ్ళు రిక్షా ఎక్కేదాకా వాణ్ణి తిడుతూనే ఉన్నారు. కానీ అంతా అయ్యాక "తల్లికి ఎప్పుడు తెలుస్తుంది?" అని నన్ను అడిగింది కూడా వాళ్ళే.

పరిష్కారం: రాతప్రతిని చివరి నుంచి వెనక్కి చదవండి. కథ మలుపు తిరిగిన ప్రతిచోటా "ఎవరి చేత్తో?" అని అడగండి. వాన అనో మావయ్య అనో జవాబు వస్తే, ఆ పని మీ పాత్రకు అప్పగించండి. ఎటు వెళ్ళినా వాడికి ఏదో ఒకటి పోవాలి. ఒక దారిలో నష్టమే లేకపోతే వాడు తేల్చుకునేదేమీ ఉండదు.

లక్షణం: "మరీ మంచోడండీ"

వెంటనే తాగుడో కోపమో తగిలించకండి. ముందు వాడికి ఏదో ఒక పని బాగా వచ్చని చూపించండి, తర్వాత తడబాటు పెట్టండి. 1966లో అరాన్సన్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగంలో, ప్రశ్నలకు బాగా జవాబులిచ్చిన మనిషి కాఫీ ఒలకబోసుకుంటే విన్నవాళ్ళకు ఇంకా నచ్చాడు. అంతంతమాత్రం మనిషి ఒలకబోసుకుంటే మాత్రం ఉన్న ఇష్టం కూడా తగ్గింది.

మిగతావి

రమేష్, సురేష్ అని ఒకేలాంటి పేర్లు పెడితే జనం తికమకపడతారు, ఒకటి మార్చేయండి. పాత్రలన్నీ పుస్తకంలా మాట్లాడుతుంటే మీ వీధిలో ఓ గంట కూర్చుని వినండి. నటుడు సరిపోలేదన్నది మాత్రం నేను చూసిన వాటిలో చాలా అరుదు. రాతప్రతిని వెనక్కి చదవకుండా ఆ మాట అనకండి.