దయ్యం కథను చెవితో దిద్దుకోవడం
కావలి నుంచి నెల్లూరుకు వెళ్లి ఉద్యోగం చేస్తూ రాత్రిపూట దయ్యాల కథలు రాసే నాకు, సొంత రాతను ఎన్నిసార్లు చదివినా భయం ఎక్కడ సడలిందో కంటికి ఆనేది కాదు. ఇప్పుడు సుమారు 500 మాటల భాగాన్ని ఫోనులో చదివి వినిపించే సదుపాయానికి ఇచ్చి, వేగం కొంచెం తగ్గించి, ఉదయం రైలులో, దారిలోని బిట్రగుంట స్టేషను వచ్చేలోగా ఇయర్‌ఫోన్లతో రెండుసార్లు వింటున్నాను. ధ్యాస కిటికీ వైపు మళ్లిన ప్రతిచోటా ఆ వాక్యంలోని ఒక మాటను గుర్తుగా రాసుకుని, ఇంటికి వచ్చాక ముందు ఆ వాక్యాలనే కుదిస్తాను. చాలావరకు అవి దయ్యం కనబడకముందు నేను ముచ్చటపడి పేర్చిన వర్ణనలే. అయితే సంభాషణలను ఈ పద్ధతిలో తూచకూడదు. "ఏందబ్బా, ఆడ ఎవురుండేది?" వంటి మన యాసను యంత్రం వార్తల్లా చదివి, బాగున్న మాటను కూడా చప్పగా వినిపిస్తుంది కనుక, వాటిని నోటితో చదువుకోవాలి.