వాటాము వెళ్తున్నారా? ముందు తిథి చూసుకోండి

కెన్యా తీరంలో వాటాము, మాలింది మెరైన్ పార్కులకు (పగడాలు, చేపలు ఉండే రక్షిత సముద్ర ప్రాంతాలు) వెళ్లేవాళ్లు హోటల్ కంటే ముందు సముద్రపు ఆటుపోట్లు చూసుకోవాలి. అక్కడ నీటిమట్టం రోజులో మూడు మీటర్లకు పైగా కూడా మారుతుంది. పోటు మీద వెళ్తే పగడాలు లోతులో మసకగా కనిపిస్తాయి. ఆటు సమయానికి వెళ్తే ముఖం నీళ్లలో పెట్టగానే చేపలే చేపలు!

మన క్యాలెండర్ ఇక్కడ భలే పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో ఆ తీరంలో ఆటు సుమారు ఉదయం పది, పదకొండు గంటల మధ్య వస్తుంది. అంటే ఎండ బాగా ఉన్న వేళ నీళ్లు తక్కువ. తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, అష్టమికి సాయంత్రానికి చేరుతుంది. కచ్చితమైన టైమ్ మాత్రం ఆన్‌లైన్ టైడ్ పట్టికలో చూడండి. డిసెంబరు నుంచి మార్చి దాకా నీళ్లు తేటగా ఉంటాయి.

పొద్దున పోటు ఉన్న రోజున గెడె శిథిలాలకు వెళ్లండి. 17వ శతాబ్దంలో జనం వదిలేసిన స్వాహిలి పట్టణం అది. పగడపు రాతి మసీదు, రాజభవనం అడవి చెట్ల నీడలో ఉంటాయి కాబట్టి ఎండ బాధ తక్కువ. నాకైతే మొంబాసాలోని ఫోర్ట్ జీసస్ కంటే ఇదే నచ్చింది.

పార్కు టికెట్ బోటు కిరాయిలో కలిసి ఉందో లేదో ముందే అడగండి. పచ్చళ్లకు చుట్టిన ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే వదిలేయండి, 2017 నుంచి కెన్యాలో క్యారీబ్యాగులు నిషేధం.